కోవిడ్ నాటి వైద్య సేవల్లో నేటికీ ఏవి పనికొస్తాయి? పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. 2020, 2021 సంవత్సరాల్లో గడప దాటలేని పరిస్థితుల్లో అలవాటైన ఫోను వైద్యం, ఇంటికి వచ్చే మాత్రలు, వేలికి తగిలించుకునే ఆక్సీమీటరు వంటివి ఇప్పుడు ఎంతవరకు నమ్మదగినవని చెన్నై పాఠకులు అడుగుతున్నారు. వాటిలో ఆరు ఉత్తరాలను కుదించి ఇక్కడ జవాబులిస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల ప్రాంతాల పేర్లు మాత్రమే ఉంచాను.

పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు: మావారికి అరవై నాలుగేళ్ళు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టిన ఫోను వైద్యాన్నే ఇప్పటికీ కొనసాగిస్తున్నారు. డాక్టరుగారు వీడియోలో మాట్లాడి, రిపోర్టులు వాట్సాప్‌లో తెప్పించుకుని మందులు రాస్తున్నారు. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోమని మా అమ్మాయి పోరు పెడుతోంది. వెళ్ళి గంటలు గంటలు కూర్చోవడం దేనికని మావారి వాదన. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఈ విషయంలో నేను మీ అమ్మాయి పక్షమే. అయితే మీవారు పట్టుకున్న పద్ధతి తప్పని మాత్రం అనను. దానిని ఎక్కడిదాకా వాడుకోవాలో తెలుసుకుంటే మీ ఇంట్లో ఈ వాదన ఉండదు.

దూరాన ఉన్న రోగిని తెర మీద చూసి వైద్యం చేయడం కోవిడ్‌తో పుట్టినది కాదు. 2000 సంవత్సరం మార్చిలోనే చిత్తూరు జిల్లా అరగొండలోని ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా చెన్నై అపోలో ఆసుపత్రి వైద్యులతో కలిపారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళపాటు ఈ పద్ధతి అక్కడక్కడా నడిచిందే తప్ప మామూలు ఇళ్ళలోకి రాలేదు. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక కూడా రాలేదంటే అడ్డం పడినది సాధనం కొరత కాదని అర్థమవుతుంది. రోగిని ముట్టుకుని చూడకుండా మందు రాస్తే, ఏదైనా జరిగినప్పుడు చట్టం ఎలా చూస్తుందో తెలియక వైద్యులు జంకేవారు. 2018లో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు తరువాత ఆ జంకు మరింత పెరిగింది. 2020 మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వైద్యుడు ఎవరికి, ఏ పద్ధతిలో, ఏయే మందులు దూరం నుంచి రాయవచ్చునో, ఏవి రాయకూడదో వాటిలో స్పష్టంగా ఉంది. ఆ రెండేళ్ళలో మన దేశ వైద్యానికి సమకూరిన కొత్తదనాలన్నింటిలోనూ ఈ నియమావళికే నేను మొదటి స్థానం ఇస్తాను. లాక్‌డౌన్ పోయినా ఇది పోలేదు.

ఆ నియమాల ప్రకారం, ఒక వైద్యుణ్ణి నేరుగా కలిసిన తరువాత ఆరు నెలలలోపు అదే జబ్బు కోసం మళ్ళీ ఆయననే ఫోనులో సంప్రదిస్తే దానిని మలి సంప్రదింపుగా పరిగణిస్తారు. అప్పుడు పాత మందులను కొనసాగించడానికి, వాటికి తోడుగా మరొకటి చేర్చడానికి వైద్యుడికి వీలుంటుంది. ఆరు నెలలు దాటితే దానిని మళ్ళీ మొదటి సంప్రదింపుగానే చూడాలి, మందులు రాయడానికి ఉన్న వెసులుబాటు కూడా తగ్గుతుంది. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవాటిని, గట్టి అదుపులో ఉంచే షెడ్యూల్ ఎక్స్ అనే జాబితాలోని మందులను దూరం నుంచి ఎప్పుడూ రాయకూడదు. ఆయాసం, గుండె నొప్పి, స్పృహ తప్పడం వంటి అత్యవసరాల్లో ఫోను పరిధి ప్రథమ చికిత్స చెప్పడం, ఆసుపత్రికి పంపడం వరకే. మీవారు ఆ డాక్టరుగారిని నేరుగా కలిసి ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయిందని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. కనుక మీ అమ్మాయి కోరుతున్నది నియమంలో ఉన్నదే.

ఇక నియమం కన్నా ముఖ్యమైన సంగతి చెబుతాను. ఫోను కెమెరా ముఖాన్ని చూపిస్తుంది. షుగరు రోగిలో వైద్యుడు తప్పనిసరిగా చూడవలసింది అరికాలు. పన్నెండు, పదిహేనేళ్ళు షుగరు ఉన్నవారిలో చాలామందికి పాదాల్లోని నరాలు స్పర్శను కోల్పోతాయి. చెప్పులో చిన్న రాయి ఉన్నా తెలియదు, కాలి బొటనవేలి కింద ఆనెలా గట్టిపడిన చోట లోపల పుండు పడినా నొప్పి ఉండదు. నొప్పి లేదు గనుక రోగి చెప్పడు, చెప్పలేదు గనుక వైద్యుడు కాలు చూపించమనడు. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయని వీడియోలో సంతోషంగా చెప్పిన మనిషి మేజోడు విప్పితే లోపల చీము కనిపించిన సందర్భాలు వైద్యులందరికీ తెలిసినవే. ఆసుపత్రిలోనైతే సన్నని నైలాన్ దారాన్ని అరికాలిలో అక్కడక్కడా ఆనించి, కళ్ళు మూసుకున్న రోగికి అది తెలుస్తున్నదో లేదో చూస్తారు. రెండు నిమిషాల్లో ముగిసే ఆ పరీక్షను ఫోనులో చేయలేము. కంటి వెనుక పొరను చూడడం, పడుకుని లేచినప్పుడు బీపీలో వచ్చే మార్పును కొలవడం, కాళ్ళ వాపును నొక్కి చూడడం కూడా అంతే.

కాబట్టి ఆరు నెలలకొకసారి నేరుగా చూపించుకుని, మధ్యలో ఫోను వాడుకోండి. ఫోనులో మాట్లాడే రోజున గత వారం ఇంట్లో చూసుకున్న బీపీ అంకెలు, మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు, వాడుతున్న మాత్రల అట్టలు ఎదురుగా పెట్టుకోండి. అడగకపోయినా కెమెరాను ఒకసారి రెండు పాదాల వైపు తిప్పి, వేళ్ళ సందులు కూడా చూపించండి. డాక్టరుగారు పంపే మందుల చీటీ మీద ఆయన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం ఉండాలి. ఊరికే మాత్ర పేరు టైపు చేసి పంపిన వాట్సాప్ సందేశం చీటీ కాదు, దానిని చూపించి మందులషాపులో మందు కొనకండి.

వ్యాసర్పాడి నుంచి ఒక పాఠకుడు: మా వీధికి ఒక మహిళా ఆరోగ్య కార్యకర్త వచ్చి, బీపీ, షుగరు చూసి, మా నాన్నగారికి మాత్రలు ఇచ్చి వెళుతున్నారు. ఇవి ఉచితంగా వచ్చేవి కదా, ప్రైవేటు డాక్టరు రాసే కంపెనీ మాత్రలంత బాగా పనిచేస్తాయా అని మా చుట్టాలు అనుమానం పెట్టారు.

జవాబు: ఆ అనుమానంతో మాత్రలు మానేయనివ్వకండి. మీ ఇంటికి వస్తున్నది ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం, ప్రజల ముంగిటికే వైద్యాన్ని తీసుకువెళ్ళే ఏర్పాటు. కోవిడ్ రెండవ ఉద్ధృతి తగ్గుతున్న వేళ, 2021 ఆగస్టు 5న, మన తెలుగు మాట బాగా వినిపించే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ దీనిని ప్రారంభించారు.

దీని వెనుక ఉన్న కారణం మీ చుట్టాలకు కూడా చెప్పండి. లాక్‌డౌన్‌లో ఆసుపత్రులు కోవిడ్‌కే అంకితమైపోగా, బస్సులు లేక, భయం వదలక, బీపీ, షుగరు రోగులు నెలల తరబడి మందులకు దూరమయ్యారు. అంతకు ముందు మాత్రం పరిస్థితి బాగుందా అంటే అదీ లేదు. తమిళనాడులో 2020 ప్రాంతంలో జరిగిన సర్వేలో బీపీ ఉన్నవారిలోనూ, షుగరు ఉన్నవారిలోనూ అది అదుపులో ఉన్నవారు పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా మాత్రమే తేలారు. రోజు కూలికి వెళ్ళే మనిషి మాత్రల కోసం ఒక పూట కూలి వదులుకోవలసి వస్తే, రెండు నెలలు వదులుకుని మూడో నెల మానేస్తాడు. అందులో అతని నిర్లక్ష్యం కన్నా మన ఏర్పాటులోని లోపమే ఎక్కువ. మాత్ర మనిషి దగ్గరికి వెళితే ఆ అడ్డంకి తొలగుతుంది. మహమ్మారి బయటపెట్టినది కొత్త సమస్య కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. అందువల్లనే దానికి చూపిన పరిష్కారం మహమ్మారి పోయాక కూడా పనికొస్తోంది. 2024లో ఐక్యరాజ్యసమితి సంస్థల కార్యదళం ఈ పథకానికి పురస్కారం ఇచ్చింది.

మందుల నాణ్యత విషయానికి వస్తే, ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ 1994లో ఏర్పడింది. అది కొన్న మందుల బ్యాచ్‌ల నుంచి నమూనాలు తీసి ప్రయోగశాలల్లో పరీక్ష చేయించే పద్ధతిని పాటిస్తుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ అయినా, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ అయినా అట్ట మీద ఏ కంపెనీ పేరున్నా లోపలి మందు ఒకటే. చుట్టాల మాట విని మీ నాన్నగారు ఒక నెల ఇవి, ఒక నెల అవి మార్చి మార్చి వాడితే, లేదా రెండూ కలిపి వేసుకుంటే ప్రమాదం. ఒకే మందు రెండు పేర్లతో కడుపులోకి వెళ్ళి బీపీ పడిపోయి ఆసుపత్రికి వచ్చే వృద్ధులు తక్కువేమీ కాదు. ఇంట్లో ఉన్న అట్టలన్నీ ఆ కార్యకర్తకు ఒకసారి చూపించండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆమె పని కొలవడం, మాత్రలు ఇవ్వడం, తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపడం. మోతాదు మార్చే బాధ్యత ఆమెది కాదు. ఏడాదికొకసారి కిడ్నీ పని తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను, కంటి పరీక్ష, పాదాల పరీక్ష పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో పెద్దాసుపత్రిలోనో చేయించవలసిందే. ఇంటికి మాత్రలు వస్తున్నాయని ఆ పరీక్షలు మానుకునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మంచి పథకం వల్ల కలిగిన నిశ్చింతే వారికి చెరుపు చేస్తోంది.

తాంబరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: 2021 మే నెలలో భయపడి ఆక్సీమీటరు, అయిదు లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు కొన్నాము. రెండూ బీరువా పక్కన పడి ఉన్నాయి. నా శ్రీమతికి ఆయాసం ఉంది. అప్పుడప్పుడు ఆ యంత్రం పెట్టుకుంటే ఊపిరికి బలం వస్తుందా?

జవాబు: మాస్టారూ, డాక్టరు చెప్పకుండా ఆ యంత్రాన్ని శ్రీమతిగారికి పెట్టవద్దు. ఆక్సిజన్ ఒక మందు. రక్తంలో దాని శాతం తగ్గినవారికి ప్రాణం నిలుపుతుంది, తగ్గనివారికి ఏ బలమూ ఇవ్వదు. చాలాకాలంగా ఊపిరితిత్తుల గొట్టాలు కుంచించుకుపోయే సీఓపీడీ అనే జబ్బు ఉన్నవారిలో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. అలాంటివారికి మేము రక్తంలో ఆక్సిజన్‌ను 88 నుంచి 92 శాతం మధ్యనే ఉంచాలని చూస్తాము. ఆయాసం గుండె బలహీనత వల్లనో, రక్తహీనత వల్లనో వస్తుంటే యంత్రం పెట్టి కూర్చోబెట్టడం వల్ల అసలు జబ్బును కనిపెట్టడం ఆలస్యమవుతుంది. ముందు ఆమెను ఛాతీ వైద్యుడికి చూపించండి.

ఆక్సీమీటరును మాత్రం ఉంచుకోండి. ఆసుపత్రిలో నర్సు చేతిలో ఉండవలసిన పరికరాన్ని ఇళ్ళలో మామూలు మనుషులు అర్థం చేసుకుని వాడగలరని ఆ రెండేళ్ళు నిరూపించాయి. కోవిడ్‌లో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయేది గనుక, 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి బయలుదేరమన్న ఒక్క సూచన ఎందరినో సమయానికి చేర్చింది. న్యుమోనియా అనుమానం ఉన్న వృద్ధులకు, ఉబ్బసం ఉన్నవారికి అది ఇప్పుడూ ఉపయోగపడుతుంది. వాడేటప్పుడు గోళ్ళకు రంగు, గోరింటాకు లేని వేలిని ఎంచుకుని, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, కూర్చుని, చేతిని కదలనీయకుండా అంకె నిలకడగా ఆగేదాకా నిమిషంపాటు ఆగండి. పెట్టగానే కనిపించిన మొదటి అంకెను నమ్మవద్దు. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఈ పరికరం ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపే అవకాశం ఉందని 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన పరిశీలన తెలిపింది. మన చర్మాలకు అది వర్తించే మాట. అంకె బాగుండి మనిషి బాగా లేకపోతే మనిషినే నమ్మండి.

కాన్సన్‌ట్రేటరును ఊరికే ఉంచితే, గాలిలోని నత్రజనిని పట్టి ఉంచి ఆక్సిజన్‌ను వేరుచేసే జియోలైట్ అనే లోపలి పదార్థం తేమ పట్టి చెడిపోతుంది. వడపోత గుడ్డ శుభ్రం చేయించి, పనిచేస్తున్నదో లేదో మెకానిక్‌తో చూపించి, ఉపశమన వైద్యం అందించే ధర్మసంస్థకు ఇచ్చేయడం మంచిది. మంచం పట్టిన రోగులకు అద్దెకు తెచ్చుకునే స్థోమత లేని ఇళ్ళు ఈ నగరంలో చాలా ఉన్నాయి.

గిండి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: కోవిడ్ సమయంలో కట్టిన ఆక్సిజన్ ప్లాంట్లు, పరీక్షా కేంద్రాలు, ప్రత్యేక ఆసుపత్రులు ఇప్పుడు మూలబడ్డాయని చదివాను. అంత ఖర్చు వృథాయేనా? ఆపదలో కనిపెట్టినవి ఆపద పోయాక నిలిచిన ఉదాహరణలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి, అవి ఇప్పుడు మనకు ఎంత మామూలైపోయాయంటే వాటి పుట్టుక ఎవరికీ గుర్తులేదు. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలకు శ్వాస అందించే యంత్రాలు ఆ ఆసుపత్రిలో దాదాపు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుడు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ గాలి పంపించాడు. వైద్య విద్యార్థులు వందలాదిగా వంతులు వేసుకుని నెలల తరబడి పగలూ రాత్రీ ఆ సంచులు నొక్కారు. అంతవరకు పదిమందిలో ఎనిమిదిమందికి పైగా చనిపోతున్న ఆ వార్డులో మరణాలు సగానికన్నా కిందికి దిగాయి. అలాంటి రోగులందరినీ ఒకచోట చేర్చి, ప్రతి మంచం పక్కనా మనిషిని ఉంచాలన్న ఆలోచన నుంచే ఈనాటి ఐసీయూ పుట్టింది.

మన దగ్గరిది ఇంకా గొప్ప ఉదాహరణ. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైను సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి, తల్లుల చేతనే బిడ్డలకు తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. ఈ రోజు మందులషాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఆ పని వల్లనే లోకానికి నమ్మకమైన మందయింది.

ఈ రెండింటిలోనూ యంత్రం కన్నా, ఎవరు ఏ పని చేయాలన్న ఏర్పాటు ప్రధానం. కోవిడ్ ఖర్చును కూడా నేను ఆ కొలతతోనే చూస్తాను. పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంటు గాలిని ఒత్తిడితో జియోలైట్ గుండా పంపి, నత్రజనిని పట్టి ఉంచి, సుమారు 93 శాతం ఆక్సిజన్ ఇస్తుంది. దేశంలో పీఎం కేర్స్ నిధులతోనే ఇలాంటివి 1,200కు పైగా మంజూరయ్యాయి. కంప్రెసరు నుంచి నూనె, తేమ లోపలికి వెళితే జియోలైట్ పాడవుతుంది. వడపోతలు సమయానికి మార్చాలి, స్వచ్ఛత కొలవాలి, కరెంటు బిల్లు ఎవరో కట్టాలి. ప్లాంటుతోపాటు టెక్నీషియన్ ఉద్యోగాన్ని, మరమ్మతు ఒప్పందాన్ని మంజూరు చేసినచోట అది నడుస్తుంది. చేయనిచోట తాళం పడుతుంది. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు ఉన్న పెద్దాసుపత్రికి ఇది లేకపోయినా గడుస్తుంది, లారీ రావడానికి రోజు పట్టే తాలూకా ఆసుపత్రికి మాత్రం ఇది బాలింతను, నెలలు నిండని బిడ్డను కాపాడే ఆధారం. అటువంటిచోట మూలబడనివ్వడం నేరంతో సమానమని నా అభిప్రాయం. ఇంజనీరింగ్ చదువుతున్న మీవంటివారు కొత్త యంత్రం కనిపెట్టడం మీద పెట్టే ఆసక్తిలో కొంత ఈ నిర్వహణ మీద పెడితే ఆసుపత్రులకు ఎంతో మేలు.

పరీక్షా కేంద్రాల కథ మెరుగ్గా ఉంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే చిన్న యంత్రం నిజానికి క్షయ పరీక్ష కోసం రూపొందినది. బ్యాటరీతో నడుస్తుంది, సుమారు గంటలో ఫలితం ఇస్తుంది. కోవిడ్ కోసం ఊరూరా చేరిన ఆ యంత్రాలు తిరిగి క్షయకు మళ్ళాయి. మళ్ళవలసిన అవసరం ఎంత ఉందో ఒక లెక్క చెబుతుంది. దేశంలో 2019లో సుమారు 24 లక్షల క్షయ రోగులు నమోదు కాగా, 2020లో ఆ సంఖ్య సుమారు 18 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గలేదు, కనిపెట్టడం తగ్గింది. ఆ ఏడాది తప్పిపోయిన లక్షలాదిమంది ఇళ్ళలో దగ్గుతూ ఉండిపోయారు. ఒక జబ్బు కోసం కట్టిన ఏర్పాటును అన్ని జబ్బులకూ తెరిచి ఉంచాలని ఇంతకన్నా గట్టిగా చెప్పే సాక్ష్యం లేదు.

మీకు దగ్గరలోనే మరొక ఉదాహరణ ఉంది. గిండిలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో వృద్ధుల వైద్యం కోసం కట్టిన భవనాన్ని 2020 జూలైలో కోవిడ్ ఆసుపత్రిగా తెరిచారు. 2024 ఫిబ్రవరిలో అది జాతీయ వృద్ధుల వైద్య కేంద్రంగా ప్రారంభమై, ఇప్పుడు అసలు పనికే ఉపయోగపడుతోంది. కార్పొరేషన్ వారి జ్వర శిబిరాలు కూడా డెంగీ కాలం నుంచి ఉన్నవే, కోవిడ్‌లో వీధివీధికీ విస్తరించాయి, వానాకాలంలో ఇప్పటికీ నడుస్తున్నాయి. మురుగునీటి నమూనాల్లో వైరస్‌ను వెతికే పద్ధతిని మన దేశంలో పోలియో కోసం 2001లోనే ముంబైలో మొదలుపెట్టారు. కోవిడ్‌లో బెంగళూరు వంటి నగరాల్లో మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, ఉద్ధృతి రాకను ముందుగా పసిగట్టడానికి వాడారు. ఎవరినీ సూదితో పొడవకుండా నగరమంతటి ఆరోగ్యాన్ని గమనించే ఈ పనిని చెన్నైలోనూ శాశ్వత ఏర్పాటుగా ఉంచాలని కోరుకునేవారిలో నేనొకణ్ణి.

డబ్బు ఖర్చు లేని ఒక కొత్తదనాన్ని కూడా చెప్పి ముగిస్తాను. బ్రిటన్‌లో కోవిడ్ మందుల మీద రికవరీ అనే పరిశోధనను ఆసుపత్రుల్లో మామూలు వైద్యం చేస్తూనే, ఒకటి రెండు పేజీల ఫారాలతో, వేలాది రోగుల మీద నడిపారు. 2020 జూన్‌లో, అతి చవకైన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు వెంటిలేటరు మీద ఉన్న కోవిడ్ రోగుల మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని అది తేల్చింది. ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో వారాల్లో తెలుసుకునే ఆ పద్ధతి మన పెద్దాసుపత్రుల్లో డెంగీకి, పాముకాటుకు ఇంకా రావలసి ఉంది.

షోళింగనల్లూరు నుంచి ఒక పాఠకురాలు: ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. వర్క్ ఫ్రం హోం రోజుల నుంచి నిద్ర సరిగా లేదు, గుండె దడ, ఏ పనీ చేయాలనిపించదు. తమిళంలో మనసు విప్పి మాట్లాడలేను. ఫోనులో సలహా తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: మొదలుపెట్టడానికి ఫోను చాలా మంచి దారి. మానసిక వైద్యంలో వైద్యుడు వినేదే ప్రధానం గనుక దూరం పెద్ద అడ్డంకి కాదు. కోవిడ్ కాలంలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన సహాయ ఫోను అనుభవం తరువాత, 2022 అక్టోబరు 10న దేశవ్యాప్తంగా టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ మొదలైంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగును ఎంచుకోవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు, నేరుగా చూపించుకోవలసి ఉంటే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

అయితే గుండె దడ, నీరసం, నిద్రలేమి థైరాయిడ్ తేడా వల్ల, రక్తహీనత వల్ల కూడా వస్తాయి. ఒక రక్తపరీక్ష ముందుగా చేయించుకోండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆ నంబరుకు ఫోను చేసి, ఇంట్లోవారిని లేపి చెప్పండి.

అంబత్తూరు నుంచి ఒక పాఠకుడు: మా అమ్మ నాయుడుపేట దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. ప్రతి చిన్నదానికీ చెన్నై తీసుకురావడం ఆమెకు కష్టం, నాకు సెలవు దొరకదు. ఇక్కడి డాక్టరు అక్కడున్న ఆమెకు ఫోనులో వైద్యం చేయవచ్చా? ఊళ్ళోనే వేరే దారి ఉందా?

జవాబు: చేయవచ్చు. దేశంలో ఏ రాష్ట్రంలో నమోదైన వైద్యుడైనా మరే రాష్ట్రంలోని రోగికైనా దూరం నుంచి వైద్యం చేయడానికి 2020 నియమాలు అనుమతిస్తాయి. కాని మీ అమ్మగారి విషయంలో నేను రెండో దారినే ముందుగా చూడమంటాను. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల్లో మొదలైంది, 2020 ఏప్రిల్ 13 నుంచి ఇళ్ళకూ విస్తరించింది. 2023 మొదటికే దీని ద్వారా జరిగిన సంప్రదింపులు పది కోట్లు దాటాయి. ఆంధ్రప్రదేశ్ దీనిని బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఒకటి. ఆమె తన ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళితే, అక్కడి ఆరోగ్య కార్యకర్త బీపీ, షుగరు చూసి, పెద్ద కేంద్రంలోని డాక్టరుతో వీడియోలో కలుపుతుంది. మీరు చెన్నై నుంచి ఫోను పట్టుకుని చేసే సంప్రదింపుకూ దీనికీ ఉన్న తేడా అక్కడే ఉంది. డాక్టరు అడిగినప్పుడు అమ్మగారి కాలిని నొక్కి చూసే చేయి, కళ్ళ కింద రెప్ప తెరిచి చూపే మనిషి పక్కనే ఉంటారు. మాట్లాడేది తెలుగులోనే, మందులూ చాలావరకు అక్కడే దొరుకుతాయి.

వృద్ధులు ఫోనులో ‘బాగానే ఉన్నాను నాయనా’ అంటారు. కొడుకు ఉద్యోగానికి ఇబ్బంది కలగకూడదని అనే ఆ మాటను డాక్టరు కూడా నిజమనుకుంటాడు. అందుకని ఆమె ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే రోజున మీరు కూడా ఆ కార్యకర్తకు ఫోను చేసి, ఆమె చెప్పనివి చెప్పండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నది, ఈ మధ్య ఎక్కడైనా తూలిపడిందా, మాత్రలు మిగిలిపోతున్నాయా అన్న సంగతులు కావాలి. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్యను తీసుకుంటే అక్కడి రిపోర్టులు ఇక్కడి ఆసుపత్రికి చూపించడం సులభమవుతుంది. అది తప్పనిసరి కాదు, లేకపోతే వైద్యం నిరాకరించకూడదు. సంఖ్య ఉన్నా సరే, కాగితాలను ఒక ఫైలులో పెట్టి, వాడుతున్న మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాసిన అట్టను ఆమె ఇంట్లో అందరికీ కనిపించేచోట తగిలించండి. రాత్రివేళ పక్కింటివారు 108కి ఫోను చేయవలసి వస్తే, అంబులెన్సులో వచ్చినవారు ముందుగా అడిగేది ఆ మందుల పేర్లే.